వేట కౌలు పుచ్చుకునే ముందు

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మన టెక్సాస్‌లోనే మేసన్ దగ్గర రాంచ్ (పశువుల ఫారం), మీ ఆఫీసు కుర్రాళ్లు నలుగురు, తుపాకీకి, అంటే వేటాడే మనిషికి, 1,800 డాలర్ల లెక్కన డీర్ లీజు, అదే జింకల వేటకి భూమి కౌలు. ఇవాళే జెల్ యాప్‌లో డబ్బు పంపకపోతే ఇంకెవరో పట్టుకుపోతారన్నావు. పట్టుకుపోనీ. భూమి మీద కాలు పెట్టకుండా అడ్వాన్సు పంపకు. ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైటులో ఆ భూమి ఎవరి పేరున ఉందో ఉచితంగా కనిపిస్తుంది. ఆ పేరూ నీతో మాట్లాడుతున్న మనిషి పేరూ ఒకటేనా చూడు. వేరైతే, అసలు ఓనరు సరేనన్న కాగితం అడుగు. ఓనరు ఒప్పుకోకుండా కౌలుదారు మళ్లీ ఇంకొకరికి కౌలుకివ్వడం ఈ రాష్ట్ర చట్టం ప్రకారం చెల్లదు.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. పోయినేడు మాది బ్రేడీ దగ్గర 600 ఎకరాలు, ఎకరానికి 14 డాలర్లు, ఆరుగురం. తలకి 1,400 పడింది. జింకలకి మేత వేసే ఫీడర్లలో పోసే మొక్కజొన్న బస్తాలకి నా వంతు 160. మా ఊరు ఫ్రిస్కో నుంచి పోనూ రానూ 480 మైళ్లు, పది ట్రిప్పులు, పెట్రోలుకి 800. లైసెన్సు 25. కొట్టిన రెండు జింకలనీ కోసి ప్యాక్ చేసిన ప్రాసెసరుకి 260. మొత్తం 2,645. ఆ వైపు జింకలు చిన్నవి, ఒక్కోదానికి మాంసం 30 పౌన్లు దాటదు. అంటే పౌను 44 డాలర్లు. మీ అత్తయ్య ఈ లెక్క ఫ్రిజ్ తలుపుకి అంటించింది. హలాల్ కొట్లో మేకమాంసం ఎంతో నీకు తెలుసు కదా. కాబట్టి మాంసం కోసమని ఇంట్లో చెప్పకు, నమ్మరు.

మరి అంత పోసి ఎందుకంటావా? టెక్సాస్‌లో 95 శాతం దాకా ప్రైవేటు భూమే. ప్రభుత్వ భూమిలోనూ వేటాడొచ్చు. 48 డాలర్ల వార్షిక పర్మిట్ తీసుకుని, నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకుని వెళ్లాలి. మొదటి రెండేళ్లు నువ్వు అదే చెయ్యి అంటాను నేను. చలికి, చీకటికి, ఏమీ కనపడకుండా ఆరు గంటలు కూర్చోడానికి నీ ఒళ్లు ఒప్పుకుంటుందో లేదో 48 డాలర్లతో తేలిపోతుంది. ఒప్పుకున్నాక కౌలు మాట.

కౌలు అన్నానంటే ఊరికే కాదు. మీ తాతయ్య చీరాల అవతల నాలుగెకరాలు కౌలుకి చేసిన రోజులు మీ అమ్మకి గుర్తుండకపోవచ్చు, చిన్నపిల్ల. కౌలు డబ్బు చెల్లించేది ఒక్కసారే. కానీ గట్టు తెగితే ఓనరు చూడకముందే కట్టేవాడు, సంక్రాంతికి గుమ్మడికాయ మోసుకెళ్లి వాళ్లింటి అరుగు మీద పెట్టి వచ్చేవాడు. అదంతా దండం పెట్టే బతుకని నాకు చిన్నప్పుడు రోషంగా ఉండేది. ఇక్కడ రెండు లీజులు పోగొట్టుకున్నాక గానీ ఆయన చేసిందేమిటో తెలిసిరాలేదు.

మొదటిది లానో దగ్గర. తప్పు మాదే. మాలో ఒకడు సెప్టెంబరులో గువ్వల వేటకి చెప్పకుండా బావమరిదినీ ఇద్దరు స్నేహితుల్నీ తీసుకెళ్లాడు. తెరిచి ఉన్న గేటొకటి కనపడితే, పాపం మంచి పనే అనుకుని మూసేసి వచ్చారు. ఆవులు నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లే దారి అది. ఆ ఎండలో మందకి రెండు రోజులు నీళ్లు లేవు. రాంచరు అరవలేదు. జనవరిలో ఉత్తరం వచ్చింది, వచ్చే ఏడు లీజు లేదని రెండు వాక్యాలు. అరిచుంటే బాగుండేది, క్షమాపణ చెప్పడానికి చోటు మిగిలేది. గేటు ఎలా ఉందో అలాగే వదిలి రావాలని ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రెండోది పదకొండేళ్లు నడిచింది. పెద్దాయన పోయారు. ముగ్గురు పిల్లలూ నగరాల్లో స్థిరపడ్డవాళ్లు, వారసత్వపు ఆస్తి లెక్క తేలగానే అమ్మేశారు. కొన్నవాళ్లు పదేసి ఎకరాల ముక్కలు చేసి గేట్లు పెట్టారు. మా ఒప్పందం ఒక్క పేజీ. అమ్మితే ఏమవుతుందన్న మాటే అందులో లేదు. సామాను తీసుకోడానికి ముప్పై రోజులిచ్చారు. మంచె కాళ్లు కాంక్రీటులో పాతి ఉన్నాయి (ఇక్కడ బ్లైండు అంటారు, నా దృష్టిలో అది మన చేలో మంచే), ఊడిరాలేదు, అక్కడే వదిలేశాం. మంచెకి నాకు బాధ లేదు. ఉత్తరపు గాలి తోలితే వాగు పక్కన కూర్చోకూడదని, ఓక్ కాయలు రాలిన ఏడాది జింకలు మొక్కజొన్న ముట్టవని, ముసలి ఆడజింక ఒకటి ఎప్పుడూ కంచె విరిగిన మూలనుంచే దిగుతుందని పదకొండేళ్లలో నేర్చుకున్నది కొత్త భూమిలో ఎందుకూ పనికిరాలేదు. అది ఏ లెక్కలోనూ రాయలేదు నేను.

అందుకని కాగితం బాగా రాయించుకో. ఎంతమంది తుపాకులు, అతిథుల్ని తేవచ్చా, భార్యాపిల్లల సంగతేమిటి, జింకల సీజను వరకేనా, ఏడాది పొడుగునా అడవిపందుల వేటకీ వెళ్లొచ్చా, ఆవులు ఎప్పుడు ఏ భాగంలో ఉంటాయి, ఇన్సూరెన్సు ఎవరు తీసుకోవాలి. భూమి చేతులు మారితే మిగిలిన నెలల డబ్బు వాపసు, సామాను తీసుకోడానికి కనీసం అరవై రోజులు. ఇవి అడిగితే ఓనరు నొచ్చుకుంటాడని భయపడకు. మంచి రాంచరు తనే అడుగుతాడు. మంచె మాత్రం ట్రైలరు మీద కదిలేదే కొను.

ఇంకో సంగతి, ఇది మీ ఆఫీసు కుర్రాళ్లందరికీ చదివి వినిపించు. మీరంతా హెచ్-1బి మీద ఉన్నారు. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, దానితో ఆ మినహాయింపూ పోతుంది. ప్రైవేటు భూమిలో ఓనరు అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎవరో చెబుతారు. నిజమే, వాళ్లకి అక్కర్లేదు. నీకు ఆ లైసెన్సు పంది కోసం కాదు, తుపాకీ పట్టుకోడానికి. ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక్కసారి అడిగాకే ముందుకెళ్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, అది కూడా పూర్తిచెయ్యి.

దెబ్బ తిన్న జింక కంచె దూకి పక్కవాళ్ల భూమిలో పడితే వెనకే దూకకు. చెట్లకి ఊదారంగు చారలు కనిపిస్తే అది అలంకారం కాదు, లోపలికి రావద్దన్న బోర్డుతో సమానం. చారలు లేకపోయినా పక్క ఓనరు సరేనన్నాకే అడుగు పెట్టాలి. ఆయన ఫోన్ నంబరు సీజను మొదలవకముందే తీసుకుని ఉంచుకో. కౌలు పోయేది ఇలాంటి చోటే ఎక్కువ, ఎందుకంటే పక్కవాడు ఫోన్ చేసేది నీకు కాదు, మీ రాంచరుకి.

మీ అమ్మకి ఇదంతా ఎలా చెబుతావో నీ ఇష్టం. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకని కొడితే జైలే, ఆవిడకి తెలిసింది అదే. పోయినసారి ఫోన్‌లో "అన్నయ్యా, వాడిని కూడా చెడగొడుతున్నావా" అని నన్ను నిలదీసింది.

వచ్చే శనివారం తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంటికి రా. సీజను కాదు, తుపాకీ తేవద్దు. తోలు గ్లోవ్స్, నీళ్లు, పాత బూట్లు చాలు. మా ఇప్పటి రాంచరుకి డెబ్బై ఎనిమిదేళ్లు. మొన్నటి గాలివానకి దక్షిణపు కంచె మీద చెట్టు పడిందట. నేను వెళ్లి తీగ లాగి కడతానన్నాను. నువ్వు రెండో కొస పట్టుకో. మధ్యాహ్నం ఆయన వరండాలో కూర్చున్నప్పుడు నీ మేసన్ కాగితం ఆయనకి చూపిద్దాం. ఆ చుట్టుపక్కల భూమి ఎవరిదో నీ వెబ్‌సైటు కన్నా ఆయనకే బాగా తెలుసు.

మామయ్య