ఆ తిన్నని గీత దగ్గర ఆగు

తమ్ముడూ,

రూపాయి, పౌండు మారకం రేట్ల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వెండి గురించి రాసిన పేరా బాగా కుదిరింది. జర్మనీ బంగారానికి మారి వెండిని వదిలించుకోవడం, అమెరికా గనుల నుంచి కొత్త వెండి వచ్చిపడటం, 1870ల మొదట్లో దాదాపు 2 షిల్లింగులు (పౌండులో పదో వంతు) పలికిన మన వెండి రూపాయి జారి జారి 1 షిల్లింగ్ 3 పెన్నీల దగ్గరికి రావడం, చివరికి 1893లో టంకశాలలు జనం తెచ్చే వెండిని నాణేలుగా కొట్టివ్వడం మానేయడం. అందులో ఒక్క మాట కూడా మార్చకు.

పేచీ ఆ తర్వాతే. "1927 నుంచి 1966 దాకా పౌండు 13 రూపాయల 33 పైసల దగ్గరే కదలకుండా ఉంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పట్టికలో గీత తిన్నగా ఉంది కాబట్టి చెప్పడానికేమీ లేదనుకున్నావు. నన్నడిగితే నీ వ్యాసమంతా ఆ గీత మీదే నడవాలి.

ముందు చిన్న దిద్దుబాటు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి వంద పైసలు లేవు, 33 పైసలనే మాటే లేదు. అప్పటివాళ్ల లెక్కలో అది 13 రూపాయల 5 అణాల 4 పైలు. (అణాలు పోయి ఇన్నేళ్లయినా మనం ఇంకా "పదహారణాల తెలుగు" అనే అంటున్నాం.) ఆ వింత అంకె ఎక్కడిదో కూడా చెప్పు. రూపాయికి 1 షిల్లింగ్ 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు. భాగిస్తే అదే వస్తుంది.

ఆ రేటు వెనక పెద్ద తగాదా ఉంది. అంతకుముందు, 19వ శతాబ్దం చివర్లో కుదురుకున్న రేటు 1 షిల్లింగ్ 4 పెన్నీలు, పౌండుకు సరిగ్గా 15 రూపాయలు. 1926లో మన కరెన్సీ మీద బ్రిటిష్ సర్కారు వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ 1 షిల్లింగ్ 6 పెన్నీలనగానే, అందులోనే సభ్యుడైన బొంబాయి పత్తి వ్యాపారి పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 1 షిల్లింగ్ 4 పెన్నీలే ఉండాలని అసమ్మతి రాశాడు. రెండు పెన్నీల కోసం అంత గొడవా అనకు. లండన్‌కు పింఛన్లూ జీతాలూ పంపాల్సిన సర్కారుకు పౌండు 15 నుంచి 13 రూపాయల చిల్లరకు దిగింది. ఇక్కడ పత్తి అమ్ముకునేవాడి చేతికీ పౌండుకు అంతే తగ్గింది. రేటు రాసిన ప్రతిచోటా ఎవడికి మిగిలింది, ఎవడికి తగ్గిందన్నది పక్కనే ఉండాలి.

ఇక తిన్నని గీత. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణం, అంటే పౌండును ఇంత బంగారానికని కట్టేసే పద్ధతి, వదిలేసింది. పౌండు పడింది, దానికి కట్టేసిన రూపాయీ పడింది. రెండూ కలిసే పడ్డాయి కాబట్టి నీ పట్టికలో ఏమీ కనపడలేదు. కనపడింది బంగారం ధరలో. పంటల ధరలు కూలిపోయిన ఆ మాంద్యంలో జనం అప్పులూ శిస్తులూ కట్టలేక ఇంట్లో బంగారం అమ్మేశారు. అది ఓడలెక్కి పోయింది.

1949 సెప్టెంబర్‌లో మళ్లీ అదే తంతు. పౌండును 4.03 డాలర్ల నుంచి 2.80కి దించారు. స్వతంత్ర భారతం కూడా వెంటనే అనుసరించింది. డాలరు 3.31 రూపాయల నుంచి 4.76కి చేరింది, పౌండు మాత్రం యథాతథం. పాకిస్తాన్ తన రూపాయిని దించనంది. అప్పటిదాకా సమానంగా ఉన్న రెండు రూపాయల్లో వాళ్ల 100కి మన 144 అయింది. మనవాళ్లు ఆ రేటును ఒప్పుకోలేదు. జనపనార పొలాలు అప్పటి పాకిస్తాన్‌లోని తూర్పు బెంగాల్లో, మిల్లులేమో మన వైపు హుగ్లీ ఒడ్డున. వ్యాపారం స్తంభించింది. దీనికి కనీసం రెండు పేరాలు ఇవ్వు.

అన్నట్టు, 1947లో రూపాయీ డాలరూ సమానమని ఎవరో చెప్పారని ఫుట్‌నోట్‌లో పెట్టావు. కొట్టెయ్. నీ పట్టికలోనే జవాబుంది. పౌండుకు 13.33 రూపాయలు, అదే పౌండుకు 4.03 డాలర్లు. ఇదంతా ఒక నిమిషం పని.

1966 జూన్ 6న రూపాయి విలువ దించిన చోట నువ్వు 36.5 శాతం అన్నావు, ఇంకోచోట 57.5 అన్నావు. రెండూ నిజమే, పాఠకుడే తికమక పడతాడు. డాలర్లలో చూస్తే రూపాయి విలువ 36.5 శాతం తగ్గింది. డాలరు కొనేవాడికి ధర 57.5 శాతం పెరిగింది, 4.76 నుంచి 7.50కి. ఒకటే ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకో.

ఆ రోజున పౌండు 21 రూపాయలైంది. సరిగ్గా ఇక్కడే నేనూ ఒకప్పుడు బోల్తాపడ్డాను. 1971 దాకా 21 రూపాయలేనని అచ్చులో రాసేశాను. రిటైరైన బ్యాంకు గుమాస్తా ఒకాయన కార్డు రాశాడు: "అయ్యా, మీరు పౌండును గుంజకు కట్టేసి రూపాయిని ఒక్కదాన్నే నడిపిస్తున్నారు." 1967 నవంబర్‌లో పౌండు 2.40 డాలర్లకు దిగింది, ఈసారి రూపాయి దాని వెంట పోలేదు. పౌండు 18 రూపాయలకు వచ్చింది. నీ వ్యాసంలో కూడా 1967 లేదు. చూసుకో.

1975 సెప్టెంబర్‌లో రూపాయిని పౌండు నుంచి విప్పి కొన్ని కరెన్సీల బుట్టకు, అంటే వాటన్నిటి ఉమ్మడి విలువకు, కట్టారు. అక్కడితో ఆపెయ్. 1991 జులైలో రూపాయి విలువ దించడాన్ని తోక తగిలించినట్టు చివర పెట్టకు, ఆ కథ డాలరుది, దానికి వేరే వ్యాసం కావాలి. ముందు దీన్ని తిరగరాసి పంపు, తొందరేం లేదు.

— అన్నయ్య