సైంటిస్టులకు విదేశాంగ శాఖలో పనేముంటుంది?

ఇక్కడ ఒకరు అడిగారు: "మా చెల్లి సైన్సులో పీహెచ్‌డీ చేస్తోంది. దౌత్య రంగంలోకి వెళ్తానంటోంది. దేశాల మధ్య గొడవల్లో సైంటిస్టు చేయగలిగేది నిజంగా ఏమైనా ఉంటుందా, లేక సంతకాలప్పుడు వెనకాల నిలబడటానికేనా?"

ఉంటుంది, చాలా ఉంటుంది. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు, నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ఢిల్లీలో ఆ శాఖ మెట్లెక్కి ఎరగను. కానీ ఆ శాఖ చేసిన పనీ, చేయని పనీ మా తీరం మీద పడినంతగా ఇంకెక్కడా పడదని గట్టిగా చెప్తాను.

2018 అక్టోబరు 10 రాత్రి సంగతి. తిత్లీ తుపాను గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందని చెప్పారు, అంటే మా నెత్తినే. మధ్యాహ్నానికే ఈదురుగాలి మొదలైంది. రేకుల ఇళ్లవాళ్లందర్నీ స్కూలుకి తీసుకొచ్చేశాం. చీకటి పడ్డాక కరెంటు పోయింది. ఎనిమిదో తరగతి గదిలో బెంచీలన్నీ గోడకి జరిపి, కిటికీ తలుపులు ఊడిపోకుండా వలతాళ్లతో బిగించి కట్టాం. ఒకరిద్దరి ఫోన్లలో ఇంకా చార్జింగ్ ఉంది. పదో తరగతి గుంటడొకడు వాతావరణ శాఖ బులెటిన్ గట్టిగా చదువుతున్నాడు, ఎంత దూరంలో ఉంది, ఎటు కదులుతోంది, గాలి వేగం ఎంత అని. ముసలివాళ్లు కళ్లు మూసుకుని ఆ అంకెలు వింటున్నారు. వేటకెళ్లినవాళ్లకి గాలి లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పుడు మా పెదనాన్న అడిగాడు: "ఏరా, దీనికి పేరెట్టింది పాకిస్తానోడంట కదా. మన గాలికి ఆడు పేరెట్టడమేట్రా?"

బయట కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ ఫెళ్లున విరుగుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, అందరికీ టెన్షన్. అయినా ఆ ప్రశ్నకి గదంతా నా వైపు తిరిగింది. చెప్పాను. 1970లో అప్పటి తూర్పు పాకిస్తాన్‌ని ముంచేసిన తుపానులో లక్షల మంది పోయారు. ఆ తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా-పసిఫిక్ కమిషన్ కలిసి 1972లో ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలకి ఒక తుపాన్ల ప్యానెల్ పెట్టాయి. అంటే మనకీ పాకిస్తాన్‌కీ యుద్ధం జరిగిన మరుసటి ఏడాదే. ఇప్పుడందులో 13 దేశాలున్నాయి. బంగాళాఖాతంలో గానీ అరేబియా సముద్రంలో గానీ తుపాను పుడితే ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రమే ఈ దేశాలన్నిటికీ సూచనలు పంపాలి. పేర్లు కూడా ఆ దేశాలు ముందే ఇచ్చిన జాబితాలోంచి వరసగా వస్తాయి. 2004 నుంచి అదే పద్ధతి. ఫైలిన్ పేరు థాయిలాండ్‌ది, హుద్‌హుద్ ఒమన్‌ది, ఈ తిత్లీ పాకిస్తాన్‌ది.

"అయితే ఆల్ల మీదకి గాలొస్తే మనోల్లు కబురెడతారా?" అన్నాడు. పెడతారన్నాను. పెదనాన్న ఇంకేం అనలేదు. నా మాట తప్పు కాదని ఆ తర్వాత కూడా చూశాం. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను గుజరాత్‌లో జఖౌ దగ్గర తీరం దాటింది. అప్పుడు సింధ్ తీరంలో వాళ్లూ ఊళ్లు ఖాళీ చేయించుకున్నారు, మనమూ చేయించుకున్నాం. ఆ ఏడాది రెండు దేశాల మధ్య మాటలు అంతంత మాత్రమే.

మళ్లీ ఆ రాత్రి సంగతికొస్తే, తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. పొద్దున్న బయటికొస్తే దారే కనపడలేదు. మా తాతలు వేసిన జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయి ఉన్నాయి. ఉద్దానంలో, అంటే మా జీడి, కొబ్బరి తోటల ప్రాంతంలో, ఒక కొబ్బరితోట పోయిందంటే పిల్ల పెళ్లీ, పిల్లాడి ఫీజూ, ముసలితనంలో మందులూ పోయినట్టే. పరిహారం గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు ఇక్కడితో అవదు, వదిలేస్తున్నాను. కానీ మా గదిలో ఉన్నవాళ్లందరం బతికున్నాం, ఆ బులెటిన్ వల్లే బతికున్నాం.

నెల తిరిగిందో లేదో ఇంకో వార్త. గుజరాత్ పడవల మీద కూలికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు సముద్రంలో పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. మా పిల్లలు గుజరాత్‌లో వెరావల్ దాకా ఎందుకెళ్తారంటారా? జిల్లాకి దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉండి కూడా అప్పటికి పెద్ద పడవ ఆగే హార్బరు ఒక్కటి లేదు. అందుకెళ్తారు. అంతలో పుల్వామా, బాలాకోట్. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆడవాళ్లు ఆ తేదీల కోసం కాచుకుని కూర్చునేవారు. చివరికి 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. ఆ మధ్యలో ఒకరోజు పెదనాన్న మళ్లీ అడిగాడు: "మన గాలి లెక్క ఆల్లకి పంపుతన్నామన్నావు కదరా, మరి మన గుంటల్ని ఎందుకొగ్గరు?"

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. గాలి లెక్కకి బల్ల ముందే వేసి ఉంది. గొడవ వచ్చాక ఎవరూ కొత్తగా మొదలుపెట్టలేదు, అప్పటికే ఏళ్లుగా ఒకరి చార్టులు ఒకరు చదువుతూ ఒకరి పని ఒకరికి తెలిసిన మనుషులు అటూ ఇటూ ఉన్నారు. సముద్రంలో గీత సంగతి అలా కాదు. గుజరాత్‌కీ సింధ్‌కీ మధ్య సర్ క్రీక్ అనే పాయ ఉంది, సరిహద్దు ఎక్కడనేది ఇప్పటికీ తేలలేదు. 2007లో రెండు దేశాల సర్వేయర్లూ కలిసి వెళ్లి ఆ పాయని కొలిచారు. చూడండి, కొలతల మనుషులు తమ పని పూర్తి చేశారు! ఆగిపోయింది సంతకాల మనుషుల దగ్గర. నా లెక్కలో ఆ గీత తేలి ఉంటే మావాళ్లు సగంమందైనా జైలు చూసేవారు కాదు.

సైంటిస్టు మాటకి విలువ లేదనేవాళ్లకి ఇంకో సంగతి. 2006లో అమెరికాతో అణు ఒప్పందం చర్చలు నడుస్తున్నప్పుడు, ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లని (వాడిన దానికంటే ఎక్కువ ఇంధనం తయారుచేసే రకం) అంతర్జాతీయ తనిఖీల కింద పెట్టడానికి వీల్లేదని అణుశక్తి కమిషన్ చైర్మన్ అనిల్ కాకోద్కర్ బహిరంగంగా చెప్పారు. ఆ మార్చిలో కుదిరిన ప్రణాళికలో 22 రియాక్టర్లలో 14 తనిఖీల కిందకి వెళ్లాయి, బ్రీడర్లు వెళ్లలేదు. ఒక ఇంజనీరు గట్టిగా నిలబడితే విదేశాంగ విధానం ఎలా తిరుగుతుందో చూశారు కదా. ఆ ఒప్పందం తాలూకు ఫలమే మా జిల్లాలో రణస్థలం దగ్గర కొవ్వాడ, వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు కడతామన్నారు. అమెరికా వాళ్లకి అంత ఓపిగ్గా వివరించినవాళ్లు కొవ్వాడ అరుగు మీద కూర్చుని అక్కడి మనుషులకి కూడా అదే ఓపికతో చెప్పాలని నా కోరిక. దేశం బయట మాట్లాడటమే దౌత్యం అనుకుంటే సగం పనే అయినట్టు.

ఇక ఉద్యోగాల సంగతి. విదేశాంగ శాఖలో కొత్త టెక్నాలజీల కోసం 2020లో ఒక విభాగం పెట్టారు. వాషింగ్టన్, మాస్కో, బెర్లిన్, టోక్యోల్లో మన రాయబార కార్యాలయాల్లో సైన్స్ కౌన్సెలర్లు ఉంటారు. ఇంత దేశానికి ఇది చాలా తక్కువ. కొలంబోలో, ఢాకాలో ముందు ఉండాలి, ఎందుకంటే మన గాలీ చేపా నీళ్లూ కలిసేది వాళ్లతో. మా దగ్గర బాగా చదివే పిల్లల్ని కూడా ఇంజనీరింగ్‌కో గ్రూప్స్ కోచింగ్‌కో తోసేస్తున్నాం. విశాఖ ఏయూలో మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం, అంటే వాతావరణం, సముద్రాల చదువు, ఉందని మా తీరం తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. తెలిసినా "ఉద్యోగం వస్తాదా మాస్టారూ" అంటారు. తుపాను రాత్రి మనల్ని కాపాడింది ఆ చదువే అని చెప్తాను. కొందరు వింటారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే మనసుకి పట్టిన విషయం. మా పిన్ని వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తుంది. ఆమె ఎడంచేతి మీద ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. షుగరు లేదు, మొదట్లో బీపీ లేదు. జీడితోటలో పనిచేసిన మనిషి. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానంలో ఇలాంటివాళ్లు లేని వీధి నేను చూడలేదు. కారణం తేలని ఈ కిడ్నీ జబ్బే శ్రీలంకలో అనురాధపుర, పొలన్నరువ వైపు వరిరైతుల్లో ఉంది. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసేవాళ్లలో ఉంది. నీళ్లలో సిలికా అని, పురుగుమందులని, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమని, నొప్పి మాత్రలని రకరకాలుగా చెప్తున్నారు. నన్నడిగితే నీరూ ఎండా రెండూ కలిసే ఈ పని చేస్తున్నాయి.

మధ్య అమెరికా దేశాల ఆరోగ్య మంత్రులు 2013లో సాన్ సాల్వడార్‌లో కూర్చుని ఇది మా అందరి సమస్య అని ఉమ్మడిగా ప్రకటించారు. శ్రీలంక మాత్రం ఒంటరిగా 2015లో గ్లైఫోసేట్ కలుపుమందు నిషేధించింది, కారణం రుజువు కాకుండానే. 2018లో తేయాకు, రబ్బరు తోటలకి నిషేధం సడలించాల్సి వచ్చింది. పక్కనే అదే జబ్బుతో మనం ఉన్నాం. అక్కడి రక్తం, నీళ్ల ఫలితాలూ మన ఫలితాలూ ఒకే పద్ధతిలో తీసి, ఒకే బల్ల మీద పెట్టి చూసి ఉంటే ఇద్దరికీ ఎన్నో ఏళ్లు మిగిలేవి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కానీ అది అనురాధపురతో రోజూ మాట్లాడాలి. తుపాను బులెటిన్ ఏ దేశం అని చూడకుండా వెళ్తున్నప్పుడు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ లెక్కలు ఎందుకు వెళ్లకూడదు? ఎవరో ఒక సైంటిస్టు కొలంబోలో మన రాయబార కార్యాలయంలో కూర్చుని ఇదొక్కటే పనిగా పెట్టుకుంటే జరుగుతుంది. ఏ పెద్ద మంత్రీ అక్కర్లేదు.

మీ చెల్లెలు ఏ సబ్జెక్టో మీరు రాయలేదు. భూగర్భజలాలో, కెమిస్ట్రీయో, వైద్యం వైపో అయితే దరఖాస్తులు పెట్టేముందు ఒకసారి కవిటి, సోంపేట వైపు రమ్మనండి. ఏ ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగేవారో, ఏ వీధిలో ఎంతమంది డయాలసిస్‌కి వెళ్తున్నారో నేను దగ్గరుండి చూపిస్తాను. ఉండటానికి మా ఇల్లుంది.