నీళ్లలో వీడియో బాగుంది సరే, అది ఎవరి చేతికి వెళ్తోంది?

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: మా పాప ఈత నేర్చుకుంటోంది. నీళ్లలోనూ తీయగల చిన్న యాక్షన్ కెమెరాతో తీస్తే నీళ్లలో రంగులు మాటిమాటికీ మారిపోతున్నాయి. సాయంత్రం లైట్లు వేశాక వీడియోలో నల్లగీతలు పాకుతున్నాయి. ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

ఎండలు ముదిరితే చాలు, నల్గొండ నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ ఇదే ప్రశ్న. గీతలకు కారణం కరెంటు. మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు (సెకనుకు 50 చుట్లు, ఒక్కో చుట్టుకు రెండు మినుకులు), అంటే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కెమెరా 60 హెర్ట్జ్ దేశాల లెక్కన సెట్ అయి ఉంటే గీతలు తప్పవు. మినుకును సరిచేసే యాంటీ ఫ్లికర్ సెట్టింగ్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చి, లైట్ల వెలుగులో సెకనుకు 50 ఫ్రేములు, 1/100 సెకను షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) పెట్టండి. పెట్టె తెరవగానే ఏ దేశమో అడిగే కెమెరా ఈ ఒక్కటీ తానే మార్చుకోలేదా? ఇది కచ్చితంగా తయారీదారుల నిర్లక్ష్యమే.

రంగుల తప్పు, వెలుగును బట్టి రంగులను తానే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్‌ది. కెమెరా నీళ్లలో ముంచినప్పుడొకటి, ఎత్తినప్పుడొకటి లెక్కేస్తుంది. పగలైతే 5500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దగ్గర లాక్ చేయండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) పగలు 400, సాయంత్రం 800 దాటనివ్వకండి. ఎర్ర ఫిల్టర్ కొనకండి, అది లోతైన సముద్రానికి. వ్యవసాయ బావిలో తీసేవాళ్లకు మాత్రం ఏ సెట్టింగూ పెద్దగా పనిచేయదు. అక్కడ నాచు వల్ల నీళ్లే పచ్చగా ఉంటాయి.

దిగే ముందు బ్యాటరీ మూత చుట్టూ ఉన్న రబ్బరును వేలితో తడిమి చూడండి. ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీళ్లు లోపలికి వెళ్తాయి. పైకొచ్చాక మూత తీయకుండానే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తెరవండి.

నాకు అసలు టెన్షన్ వేరే. మీరు తీస్తున్నది ఈత దుస్తుల్లో ఉన్న పిల్లల్ని. ఫ్రేములో మీ పాప ఒక్కతే ఉండదు, పక్క లేన్లో పిల్లలూ ఉంటారు. కొన్ని కెమెరాలు ఇంటికొచ్చి ఛార్జింగ్‌కు పెట్టగానే వైఫై పట్టుకుని, ఆటో అప్‌లోడ్ ఒకసారి ఆన్ చేసి ఉంటే మళ్లీ అడగకుండానే క్లిప్పులన్నీ కంపెనీ ఆన్‌లైన్ నిల్వ అయిన క్లౌడ్‌కు ఎక్కించేస్తాయి. జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఏ పూల్, ఏ సమయం అన్నదీ ఫైల్లోనే ఉంటుంది. అక్కడున్న వీడియో లింకు ఫ్యామిలీ గ్రూపులో పెడితే, అక్కడి నుంచి ఎవరు ఎవరికి పంపారో మీకు తెలిసే దారే లేదు. కాబట్టి ఆటో అప్‌లోడ్, జీపీఎస్ రెండూ ఆపేయండి. యాప్ ఖాతాకు పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిదీ అడిగే రెండంచెల లాగిన్ పెట్టండి. ఎడిటింగ్ కోసం స్టూడియోకు మెమరీ కార్డు ఇచ్చి రాకండి. అందులో మీరు డిలీట్ చేసినవి కూడా సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీయొచ్చు. కావాల్సిన క్లిప్పులు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ఇంకొకటి. ఒక్క బటన్ నొక్కితే కెమెరా ఆన్ అయి, వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టే సదుపాయం చాలా వాటిలో ఉంటుంది. ఛాతీ పట్టీకి తగిలించుకుని బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లేటప్పుడు చెయ్యి తగిలినా చాలు. నా దృష్టిలో ఇలాంటి సదుపాయం మొదట ఆఫ్‌లోనే రావాలి. మీరు ఇవాళే దాన్ని ఆపేసి, ఆ గది బయటే కెమెరా విప్పి, ఆఫ్ చేసి బ్యాగులో వేసుకోండి.