విదేశం నుంచి వచ్చాక దిగులు సరే, ఆ జ్వరం మాటేమిటి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, మా వారికి 34. టూర్ ఏజెన్సీ సాయం లేకుండా, టికెట్ల నుంచి బస వరకు అన్నీ మేమే చూసుకుని ఒక ఉష్ణమండల దేశంలో మూడు వారాలు తిరిగాము. ఇల్లు చేరి పన్నెండు రోజులైంది. అప్పటి నుంచి దేనిమీదా మనసు నిలవడం లేదు. రోజూ రాత్రి ఫొటోలు ముందేసుకుని ఆ రోజుల గురించే మాట్లాడుకుంటున్నాము. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఆఫీసులో ఊరికే ఏడుపు వస్తోంది. ఇది డిప్రెషనా? నిద్రమాత్రలు వాడవచ్చా? మా వారికి వచ్చిన వారానికి చలితో జ్వరం వచ్చింది. ప్రయాణం కోసం కొన్న యాంటీబయోటిక్ మిగిలితే వేసుకున్నారు, తగ్గింది. నిన్నటి నుంచి మళ్లీ ఒళ్లు వెచ్చబడింది. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఇంటికి రాగానే ఇద్దరమూ మానేశాము. ఈ ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటున్నాము.

జవాబు: అమ్మా, మీరు అడిగింది మీ దిగులు గురించి. నేను ముందు మీ వారి జ్వరం గురించి చెప్పాలి. ఈ జవాబు చదివే సమయానికి ఆయనకు రక్తపరీక్ష జరిగి ఉండకపోతే మిగతాది తరువాత చదువుకోండి. ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎక్కడి నుంచి వచ్చారో డాక్టరుకు మొదటి వాక్యంలోనే చెప్పండి.

మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవారికి జ్వరం వస్తే, కాదని పరీక్షలో తేలేదాకా మలేరియాగానే అనుమానించాలి. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపేరమ్ రకం చాలామందిలో తిరిగి వచ్చిన నెలలోపే బయటపడుతుంది. వైద్యం ఆలస్యమైతే మెదడు, మూత్రపిండాలు దెబ్బతినడానికి ఎక్కువ రోజులు పట్టదు. వైవాక్స్ రకం కాలేయంలో దాగి, నెలలు గడిచాక కూడా రావచ్చు. ఒక్క పరీక్షలో ఏమీ కనపడలేదని ఇంటికి వచ్చేయవద్దు. అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు రక్తం చూడాల్సి ఉంటుంది. డెంగీ, టైఫాయిడ్ సంగతి కూడా తేలాలి. అంతవరకు జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, అదీ చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి వద్దు. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మగతగా ఉన్నా, అదేపనిగా వాంతులవుతున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా అత్యవసర విభాగానికే వెళ్లండి.

ఇక ఆ మిగిలిన యాంటీబయోటిక్. నాకు బాధ కలిగించింది ఇదే. చదువుకున్నవారు, ఒక దేశమంతా సొంతంగా తిరిగి వచ్చినవారు, జ్వరం వచ్చేసరికి సంచిలో చేతికి దొరికిన మాత్రను నమ్ముకున్నారు. ఎన్ని వేసుకున్నారో కూడా రాయలేదు. యాంటీబయోటిక్ పడిన తరువాత రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపితే టైఫాయిడ్ క్రిమి దొరికే అవకాశం తగ్గిపోతుంది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటివి మలేరియా పరాన్నజీవిని కూడా కొంత అణచగలవు. అది పూర్తిగా చావదు, జ్వరం మాత్రం తగ్గినట్టు ఉంటుంది. మీరు తగ్గిందని నిశ్చింతగా ఉంటే లోపల జబ్బు తన దారిన తాను పోతుంటుంది. నా దగ్గరకు ఇలా ఆలస్యంగా వచ్చేవారిలో చాలామంది చెప్పేది ఇదే మాట: మాత్ర వేసుకుంటే తగ్గింది కదా అని ఆగాము. దయచేసి ఆగవద్దు. ఖాళీ అయిన ఆ స్ట్రిప్పును డాక్టరుకు చూపించండి, దాచవద్దు. కోప్పడితే పడనివ్వండి.

నివారణ మాత్రలు కూడా అంతే. దోమ వదిలిన పరాన్నజీవి ముందు కాలేయంలో పెరిగి, కొన్ని రోజులకు రక్తంలోకి దిగుతుంది. అందుకే ఆ దేశం విడిచాక డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ అయితే నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు కొనసాగించాలి. మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ అంతట మీరు తేల్చుకోవద్దు. మీకు జ్వరం లేకపోయినా ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు, అవే దోమలు కుట్టాయి. మీరూ చూపించుకోండి.

మీ దిగులుకు కూడా ఇక్కడే ఒక కారణం ఉండవచ్చు. మీరు వేసుకున్న మలేరియా నివారణ మాత్ర పేరు రాయలేదు. అది మెఫ్లోక్విన్ అయితే నిద్ర చెడటం, ఆందోళన, కుంగుబాటు దాని దుష్ప్రభావాలే కావచ్చు. మానేశాక కూడా కొంతకాలం ఉండవచ్చు. ఈ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి పేరు చూడకుండా డిప్రెషన్ అనీ, కాదనీ నేను చెప్పలేను. జెట్‌లాగ్ (దేశాల మధ్య సమయం తేడా వల్ల నిద్ర గాడి తప్పడం) సంగతికి వస్తే, ఎన్ని గంటల తేడా ఉందో సుమారు అన్ని రోజుల్లో శరీరం సర్దుకుంటుంది. పన్నెండు రోజుల తరువాత కూడా మూడింటికి లేస్తున్నారంటే దాన్నొక్కదాన్నే తప్పుపట్టలేము. నిద్రమాత్ర ఇప్పుడు వద్దు. మూడు వారాలు ప్రతి చిన్న నిర్ణయమూ కలిసి తీసుకున్న ఇద్దరు ఒక్కసారిగా ఎవరి ఆఫీసుకు వారు వెళ్లిపోతే వెలితిగా ఉండటం రోగం కాదు. కానీ దాదాపు రోజంతా దిగులు, ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మానసిక వైద్యుణ్ని కలవండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

రాత్రిళ్లు ఫొటోలు చూసుకోవడం మానమని నేను అనను. ఈ రాత్రి మాత్రం పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఏ తేదీన ఏ ఊరిలో ఉన్నారు, దోమతెర ఉందా, ఏ నదిలో, ఏ చెరువులో దిగారు, అడవిలో పడుకున్నారా, ఏ జంతువైనా కరిచిందా లేక గీరిందా, అన్నీ వరుసగా రాయండి. నదిలో దిగినవారికి వచ్చే జ్వరాలు వేరు, పేలు, పురుగులు కుట్టి వచ్చేవి వేరు. మీ ప్రయాణానికి ఏజెన్సీ లేదు, జాబితా ఇచ్చేవారు వేరే ఎవరూ లేరు. కుక్క కరవడం గాని, కోతి గీరడం గాని గుర్తుకు వస్తే ఇన్ని రోజులైందని ఊరుకోకుండా రేబిస్ టీకా గురించి ఆ రోజే అడగండి.

పిల్లల విషయం. మీరు వెళ్లిన ప్రాంతంలో దోమల ద్వారా సోకి, కడుపులోని బిడ్డకు హాని చేసే జికా వైరస్ ఉందేమో డాక్టరుతో కలిసి చూసుకోండి. ఉంటే, భర్త కూడా వెళ్లివచ్చారు కాబట్టి సాధారణంగా మూడు నెలలు గర్భం కోసం ప్రయత్నించవద్దని, అంతవరకు కండోమ్ వాడమని చెబుతాము. నెల తప్పి ఉంటే మాత్రం ఏ మందూ వేసుకోకముందే ఆ సంగతి చెప్పాలి.

ఓపీ మధ్యలో, ఉత్తరం ఒక్కటే చూసి రాస్తున్నాను. పరీక్షించిన డాక్టరు మరోలా చెబితే ఆయన మాటే వినండి. మీ వారి రక్తపరీక్ష ఫలితం, మీ మాత్ర పేరు రెండూ నాకు రాసి పంపండి.