పాత డాస్ కాటా ప్రోగ్రామ్ విండోస్ 11లో నడవాలంటే

తణుకు దగ్గర రైస్ మిల్లులో ఎక్స్‌పీ సిస్టంలో నడిచే ఫాక్స్‌ప్రో (డాస్ కాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్) కాటా చీటీల ప్రోగ్రామ్, కొత్త విండోస్ 11 సిస్టంలో అసలు తెరుచుకోవడం లేదు, ఏం చేయాలని ఒకరు అడిగారు. కంపాటిబిలిటీ మోడ్ (ప్రోగ్రామ్‌ను పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపించే సెట్టింగ్) మార్చి చూస్తూ కూర్చోకండి, ఇక్కడ అది పనిచేయదు. పాత విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపించేది ఎన్‌టీవీడీఎం. ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లో ఉన్నప్పుడు దానికి కావాల్సిన వర్చువల్ 8086 మోడ్ (పాత 16 బిట్ ప్రోగ్రాములను నడిపే ప్రాసెసర్ సదుపాయం) ఉండదు, అందుకే 64 బిట్ విండోస్‌లో దాన్ని పెట్టలేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు.

డాస్ ప్రోగ్రాములను కొత్త విండోస్‌లో నడిపించే వీడాస్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అలాంటిదే అయిన డాస్‌బాక్స్ ఆటల కోసం పుట్టింది. వీడాస్ ఇలాంటి లెక్కల ప్రోగ్రాముల కోసమే. కాటా దగ్గర ఒకరు, ఆఫీసులో ఒకరు ఒకే డేటా మీద పనిచేస్తుంటే రికార్డ్ లాకింగ్ (ఒకరు మారుస్తున్న రికార్డును అదే సమయంలో మరొకరు మార్చకుండా ఆపడం) తప్పనిసరి, వీడాస్‌లో అది ఉంది. ఫోల్డర్ పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెట్టొద్దు, అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు. ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. డీబీఎఫ్ (డేటా టేబుల్) ఫైళ్లు మాత్రమే తెచ్చి సీడీఎక్స్ (ఇండెక్స్), ఎఫ్‌పీటీ (మెమో) ఫైళ్లు వదిలేస్తే టేబుల్ తెరిచేటప్పుడే ఎర్రర్ వస్తుంది. ఈఎస్ఎల్ (ఫాక్స్‌ప్రో ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన లైబ్రరీ) ఫైళ్లు ఉంటే అవీ కావాలి.

అసలు తలనొప్పి ప్రింటరండి. కార్బన్‌తో మూడు కాపీల చీటీ కావాలి కాబట్టి డాట్ మ్యాట్రిక్స్ మానలేరు. ప్రోగ్రామేమో ఎల్‌పీటీ1కే (పాత ప్రింటర్ పోర్టు) పంపుతుంది, కొత్త సిస్టంలో ఉన్నది యూఎస్‌బీ. చీటీని ఫైల్‌లోకి తీసి నోట్‌ప్యాడ్ నుంచి ప్రింట్ ఇస్తే గీతల బదులు పిచ్చి అక్షరాలు పడతాయి, సన్న అక్షరాల కోడ్ పనిచేయక వరస పక్కకు పోతుంది. ఆ గీతలు కోడ్ పేజీ 437వి (డాస్ వాడే అక్షరాల పట్టిక), ఆ కోడ్‌లు ప్రింటర్‌కు ఇచ్చే ఆదేశాలు. మార్పు లేకుండా నేరుగా ప్రింటర్‌కే చేరాలి. ప్రింటర్‌ను చిన్న పేరుతో షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆదేశానికి స్లాష్ బీ చేర్చి, ఆ ఫైల్‌ను కంప్యూటర్ పేరు, షేర్ పేరు ఉన్న దారికి పంపండి. స్లాష్ బీ మరిస్తే ఫైల్ మధ్యలో కంట్రోల్ జెడ్ అక్షరం (డాస్‌లో ఫైల్ ముగింపు గుర్తు) ఎక్కడుంటే అక్కడే చీటీ తెగిపోవచ్చు. రోజూ టైపు చేయకుండా ఈ ఆదేశాన్ని బ్యాచ్ ఫైల్‌లో (ఆదేశాలను రాసి ఉంచి ఒక్క క్లిక్‌తో నడిపే ఫైల్) పెట్టుకోండి.

వీడాస్‌లో కుదరకపోతే వర్చువల్‌బాక్స్‌లో (సిస్టంలోపల మరో సిస్టంను నడిపే సాఫ్ట్‌వేర్) 32 బిట్ విండోస్ 10 వేసి, విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపొనెంట్స్ కింద ఎన్‌టీవీడీఎంకు టిక్ పెట్టండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వొద్దు.

ఈ మార్పు దాళ్వా ధాన్యం దిగకముందే చేయండి, లారీలు వరసలో ఉన్నప్పుడు వద్దు. మొదటి వారం రెండు సిస్టంలలోనూ చీటీలు ఎక్కించి, సాయంత్రం బస్తాల మొత్తం, క్వింటాళ్ల మొత్తం రెండింట్లో సరిపోలాయో లేదో చూడండి. తేడా వస్తే ముందు రీఇండెక్స్ చేయండి, అంటే ఇండెక్స్‌ను మళ్లీ కట్టించండి.