నీ హీరోకు కడుపు లేదా అబ్బీ?

అబ్బీ,

కథ చదివినాను. తాడిపత్రి పిల్లోడు అంగారకుడి మీదికి పోవడం బాగుంది, పొగడ్త ఇంతటితో సరి. ఏడు నెలల ప్రయాణంలో వాడు కవిత్వం చెప్తాడు, కిటికీలోంచి భూమిని చూసి ఏడుస్తాడు. ఒక్కసారి మాత్రం బాత్రూంలోకి పోయి, ఫ్లష్ నొక్కి, ఒకే వాక్యంలో బయటికొస్తాడు. అక్కడే నాకు కాలింది.

ఆడ నీళ్లు కిందికి పారవురా, ఏదీ కిందికి పడదు. అందుకే గాలితో లాగుతారు. ఒంటేలుకు గరాటు తగిలించిన గొట్టం, రెండోదానికి చిన్న సీటు, దాని కింద సంచి. తేలిపోకుండా కాళ్లు ఇరికించుకుని కూర్చోవాల. ఆ సంచులను డబ్బాలోకి కుక్కి, సరుకు తెచ్చిన నౌకలో ఎక్కిస్తే, అది తిరిగొస్తూ వాతావరణంలో కాలిపోతుంది. ఉచ్చను మాత్రం పారెయ్యరు, శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. అంతరిక్ష కేంద్రంలో 98 శాతం నీటిని తిరిగి రాబట్టినామని 2023లో నాసా చెప్పింది. ట్యాంకర్ కోసం బిందెలు వరసబెట్టిన ఇంట్లో పుట్టినోడు ఆ నీళ్లు మొదటి గుక్క ఎట్లా మింగుతాడు? నీ కథ ఆడుంది, నువ్వేమో నక్షత్రాల వర్ణన పెట్టినావు.

అమెరికావాళ్లు చంద్రుడి మీదికి పోయిన అపోలో నౌకల రోజుల్లో అయితే సంచిని పిరుదులకు అంటించుకోవడమే. పనయ్యాక లోపల క్రిమిసంహారక మందు వేసి, పైనుంచి చేత్తో పిసకాల. 1969లో అపోలో 10లో ఒక ముక్క గాల్లో తేలుతుంటే, నాది కాదంటే నాది కాదని ముగ్గురూ అనుకున్న మాటలు రికార్డుల్లో ఉన్నాయి. చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన మొనగాళ్లు! అంతకుముందు 1961లో, పావుగంట ప్రయాణమే కదా అని, అంతరిక్షంలోకి పోయిన మొదటి అమెరికావాడు అలన్ షెపర్డ్‌కు ఏ ఏర్పాటూ చెయ్యలేదు. లాంచ్ గంటలకొద్దీ లేటయ్యి, పాపం సూట్‌లోనే కానిచ్చేసినాడు.

ఇవన్నీ రాస్తే అసహ్యం అంటారని భయపడినట్టున్నావు. అంటారు. చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చునే మా ఊరి ఆడోళ్ల మీద నేనొక పేరా రాస్తే, 'జనం అన్నం తింటూ చదువుతారండీ' అని ఒక ఎడిటర్ కొట్టేసినాడు. అదే సంచికలో తలకాయలు తెగే ఫ్యాక్షన్ కథ బొమ్మతో సహా వేసినాడు. సీమోళ్లకు నెత్తురు కారితే చాలు, కడుపు మాత్రం ఉండకూడదు! ఆ ఫ్యాషన్ ఇంకా పోలేదు.

వీడ్కోలు సీన్‌లో అమ్మతో దేశభక్తి డైలాగ్ చెప్పించినావు. మన అమ్మలు అట్లా మాట్లాడతారా? 'ఆడ దొడ్డికెట్ల పోతావురా' అని అందరి ముందరే అడుగుతుంది, వాడు సిగ్గుతో నాయన వైపు చూస్తాడు, ఆయనా జవాబు కోసమే చూస్తుంటాడు. ముందు ఆ సీన్ తిరగరాసి పంపు. నువ్వు అడిగిన కలం పేరు సంగతి తర్వాత. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, కొట్టేసేవి చాలా ఉన్నాయి.