హాస్టల్లో వేసే ముందు ఒక సాయంత్రం పోయి చూడు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

అల్లుణ్ని ఈసారి ఎనిమిదో తరగతికి మిషన్ బడి హాస్టల్లో వేద్దామనుకుంటున్నావని, ఏ బడి మంచిదో చెప్పమని అడిగావు. బడి పేరు నేను చెప్పను. అలాంటి బడిలోనే ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి, ఏం చూడాలో మాత్రం చెప్తాను.

చర్చి బడులన్నీ ఒకటే అనుకోకు. వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే క్యాథలిక్ చర్చిల పరిధి, 1952 నుంచి ఉంది. కాజీపేట ఫాతిమానగర్ వైపు క్యాథలిక్ బడుల్లో ఫాదర్లు, బ్రదర్లు, సిస్టర్లు కనిపిస్తారు. డోర్నకల్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ చర్చి వాళ్లు ఉంటారు. బడి ఎవరిదైనా, రాత్రిపూట పిల్లలతో హాస్టల్లోనే ఉండేది ఎవరో అడుగు. కొన్నిచోట్ల బ్రదర్ అక్కడే ఉంటారు. కొన్నిచోట్ల డిగ్రీ చదివే కుర్రాణ్ని వార్డెన్ అని పెట్టి చేతులు దులుపుకుంటారు.

అందుకే పొద్దున పోకు. పొద్దున అసెంబ్లీ, టై, పాలిష్ చేసిన బూట్లు ఎక్కడైనా బాగానే కనిపిస్తాయి. సాయంత్రం పో. బాత్‌రూంలో నీళ్లు వస్తున్నాయో లేదో నల్లా తిప్పి చూడు. నీళ్లు లేక స్నానాలు, బట్టలు ఉతకడం సరిగా సాగకపోతే గజ్జి, తామర తొందరగా పాకుతాయి. స్టడీ అవర్ మొదలయ్యాక కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడు. ముందు కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటున్నాడా, లేక ఎవరైనా పుస్తకం పట్టుకుని వస్తే లెక్క చెప్పగలుగుతున్నాడా? నన్నడిగితే చదువు సంగతి తేలేది ఆ గదిలోనే. క్రమశిక్షణ, సేవ, ప్రేమ అని గోడల మీద రాసి ఉంటుంది. అది చదువుతూ నిలబడకు. అన్నం వడ్డించే ఆయమ్మను అక్కడి పెద్దలు ఎట్లా పిలుస్తున్నారో విను. పిల్లలు నేర్చుకునేది ఆ పిలుపే.

ప్రార్థన గురించి మరదలికి టెన్షన్ ఉందన్నావు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనర్ పిల్లలను మతబోధనలో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. ఇష్టం లేకపోతే అడ్మిషన్ రోజే మర్యాదగా చెప్పు, ఎవరూ ఏమనుకోరు. నా మట్టుకు నేను, మన పిల్లాడు ప్రార్థనప్పుడు పదిమందితో పాటు నిశ్శబ్దంగా నిలబడితే నష్టమేమీ లేదంటాను. బతుకమ్మకు, దసరాకు ఎలాగూ ఇంటికి వస్తాడు. ఆ సెలవుల్లో మాత్రం మళ్లీ ట్యూషన్ పెట్టకు.

తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియానికి పోతున్నాడు కదా, ఎఫ్ఏ-1లో, అంటే బడి తెరిచాక పెట్టే మొదటి చిన్న పరీక్షల్లో, మార్కులు పడిపోవచ్చు. గాభరా పడి, పక్కింటి పిల్లాడితో పోల్చి వాణ్ని తిట్టకు. లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక వదిలేసే పిల్లలను చాలామందిని చూశాను. ఎస్ఏ-1, అంటే మొదటి పెద్ద పరీక్షల నాటికి చాలామంది తేరుకుంటారు. అప్పటికీ లేవకపోతే క్లాస్ టీచర్ దగ్గర కూర్చుని, మార్కులు కాదు, పేపర్లు చూపించమని అడుగు. 2025 నుంచి పదో తరగతి మెమోల మీద మళ్లీ మార్కులు కనిపిస్తున్నాయి కాబట్టి ఆ గోల ఎట్లాగూ రాబోతోంది. ఇప్పటినుంచే మొదలుపెట్టకు.

మొదట్లో ఆదివారం పోయినప్పుడల్లా ‘నన్ను తీసుకుపో నాన్నా’ అని ఏడుస్తాడు. ఇంటిమీద బెంగ ఉన్న పిల్లాడు నువ్వు గేటు దాటగానే కళ్లు తుడుచుకుని ఆటకు పోతాడు, వాచ్‌మన్‌ను అడిగితే చెప్తాడు. కానీ అన్నం సరిగా తినకపోయినా, ఒక్క దోస్తు పేరు కూడా చెప్పకపోయినా, ఫలానా మనిషి పేరెత్తగానే మాట మార్చినా అది ఉట్టి బెంగ కాకపోవచ్చు. అప్పుడు ఫీజు కట్టేశామని చూడకు, వెంటనే తీసుకురా. ఒంటిమీద చేయి వేసే వాళ్ల గురించి వాడితో ఇప్పుడే, సిగ్గుపడకుండా మాట్లాడు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కంఠతా పట్టించు.

ఇంకొకటి, ఆదివారం కూర తీసుకుపోతే నలుగురికి సరిపడా తీసుకుపో. చెట్టు కింద అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే, ఎవరూ రాని పిల్లాడు నల్లా దగ్గర ఉతికిన చొక్కానే మళ్లీ ఉతుకుతుంటాడు. వాణ్ని మనవాడే పిలవాలి. నువ్వు ముందు పడి పిలవకు, కొంచెం ఓపిక పట్టు. సకినాలు మాత్రం ఎక్కువ పెట్టొద్దని మరదలికి చెప్పు, ట్రంకు పెట్టెలో చీమలు పడతాయి.

జూన్‌లో బళ్లు తెరిచేలోపు, పిల్లలు లేని హాస్టల్ చూసి డబ్బు కట్టకు. ఏప్రిల్‌లో సెలవులివ్వకముందే ఒకరోజు సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. కాజీపేట స్టేషన్ దగ్గర కలుద్దాం, నేనూ వస్తాను.

మీ అక్క